డాబా మీద సోలార్: ప్యానల్ కంపెనీ కంటే ముందు చూడాల్సినవి

సోలార్ పెట్టించుకుందామనుకునే ప్రతి ఒక్కరూ మొదట అడిగేది "ఏ కంపెనీ ప్యానల్ మంచిది?" అని. నిజానికి ఈ మొత్తంలో తక్కువ తలనొప్పి తెచ్చేది ప్యానలే. గాలివానకి లేచిపోయేది ప్యానళ్ళని మోసే ఇనుప ఫ్రేము, అంటే స్ట్రక్చర్. కాలిపోయేది తీగల్ని కలిపే కనెక్టర్. మిట్టమధ్యాహ్నం ఎండ దంచికొడుతున్నా యూనిట్లు తినేసేది పక్కనున్న నీళ్ళ ట్యాంకు నీడ. బ్రాండు సంగతి చివర్లో చూసుకోవచ్చు. ముందు బిల్లు, తర్వాత డాబా, ఆ తర్వాతే సామాను.

ముందు కరెంటు బిల్లు తీయండి

గడిచిన 12 నెలల బిల్లులు ముందు పెట్టుకోండి. ఒక్క మే నెల బిల్లు చూసి సైజు తేల్చుకుంటే అవసరానికి మించి కొంటారు. మన రాష్ట్రాల్లో 1 కిలోవాట్ ప్యానల్ ఏడాది సగటున రోజుకి 4 యూనిట్లు ఇస్తుంది, అంటే నెలకి 120. ఫిబ్రవరి, మార్చిలో ఇంకొంచెం ఎక్కువ, జూలై, ఆగస్టు ముసురులో బాగా తక్కువ. మే నెలలో ఎండ ఎక్కువ కదా, కరెంటూ ఎక్కువే వస్తుందనుకుంటారు. రాదు. ఎందుకో కింద చెబుతాం.

విజయవాడలో నెలకి సగటున 350 యూనిట్లు వాడే ఇల్లు తీసుకుందాం. 2022 నాటి ఆంధ్రప్రదేశ్ గృహ టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75. ఆ లెక్కన ఇంధన సర్దుబాటు, ఇతర ఛార్జీలు పక్కన పెడితే బిల్లు సుమారు రూ.2,110. 2 కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు పోయి 110 మిగులుతాయి. వాటికి బిల్లు రూ.350. అంటే మొదటి రెండు కిలోవాట్లు నెలకి రూ.1,760 మిగిలిస్తే, మూడో కిలోవాట్ మిగిల్చేది ఆ రూ.350 మాత్రమే. సోలార్ ఎప్పుడూ పై శ్లాబు నుంచి కోసుకుంటూ వస్తుంది, అందుకే ఇలా. మరో ఏసీ కొనే ఆలోచనో, ఎలక్ట్రిక్ స్కూటరో ఉంటే 3 కిలోవాట్లు పెట్టండి. లేకపోతే ఈ ఇంటికి 2 చాలు. అమ్మేవాళ్ళు ఈ లెక్క చెప్పరు.

తెలంగాణలో 200 యూనిట్ల గీత కీలకం. అది దాటితే మొదటి 200కీ యూనిట్‌కి రూ.5.10 పడుతుంది, ఆపైన 300 దాకా రూ.7.70. గీత కిందికి దింపేంత సోలార్ పెడితే లాభం బాగా కనిపిస్తుంది. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇంటికి మాత్రం సోలార్ అక్కర్లేదు.

సబ్సిడీ సంగతి: 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కి రూ.30,000, 2 కిలోవాట్లకి రూ.60,000, 3 కిలోవాట్లకి రూ.78,000. ఆపైన 5 పెట్టినా 10 పెట్టినా అదే రూ.78,000. ప్యానళ్ళ మొత్తం, వాటి డీసీ కరెంటుని ఇంట్లో వాడే ఏసీగా మార్చే ఇన్వర్టర్ సైజు, రెండిట్లో తక్కువ ఏదైతే దాన్నే కెపాసిటీగా తీసుకుంటారు. ప్యానల్లో వాడిన సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే కావాలి. వీటినే డీసీఆర్ ప్యానళ్ళంటారు. ఎవరైనా మార్కెట్ కంటే బాగా తక్కువ రేటు చెబితే అవి డీసీఆర్ కానివేమో అడగండి. అలాంటివి పెడితే సబ్సిడీ రాదు.

డాబా ఎక్కి నీడ చూడండి

550 వాట్ల ప్యానల్ ఒకటి సుమారు 7 అడుగుల 6 అంగుళాల పొడవు, 3 అడుగుల 9 అంగుళాల వెడల్పు, 28 కిలోల బరువు. ఆరు పెడితే 3.3 కిలోవాట్లు. నడవడానికీ కడగడానికీ దారి వదిలి కిలోవాట్‌కి 100 చదరపు అడుగులు లెక్కేసుకోండి.

ఇప్పుడు అసలు సమస్య. మన ఇళ్ళలో వాస్తు ప్రకారం ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతిలో ఉంటుంది, చాలాచోట్ల మెట్ల గది పైనే. హైదరాబాద్‌లో డిసెంబరు చివర మధ్యాహ్నం మూడింటికి సూర్యుడు దాదాపు నైరుతిలో, నేల నుంచి సుమారు 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆ సమయంలో నీడ పొడవు వస్తువు ఎత్తుకి దాదాపు ఒకటీ ముప్పావు రెట్లు. మెట్ల గది 8 అడుగులు, దానిపైన ట్యాంకు దిమ్మెతో కలిపి మరో 8 అనుకుంటే, నీడ 28 అడుగులు సాగి నేరుగా ఈశాన్యం వైపు పడుతుంది. అంటే ఖాళీగా ఉంచిన ఈశాన్యమే బాగుందని ప్యానళ్ళు అక్కడ పెడితే చలికాలం మధ్యాహ్నం కరెంటు పోయినట్టే. ట్యాంకుని కదిపే పని లేదు. ప్యానళ్ళని దానికి దక్షిణంగా, లేదా ఆగ్నేయం వైపు జరిపి పెట్టించండి. జాగా లేకపోతే స్ట్రక్చర్‌ని మెట్ల గది ఎత్తుకి లేపి ట్యాంకు పక్కన నిలబెట్టాలి.

పిట్టగోడ నీడ మధ్యాహ్నం పన్నెండింటికి డిసెంబరులో గోడ ఎత్తుకి కాస్త తక్కువే ఉంటుంది. మూడడుగుల గోడకి రెండున్నర అడుగుల చిల్లర. ఉదయం తొమ్మిదికి, సాయంత్రం మూడుకి దానికి రెట్టింపు. వేసవిలో చూసి "నీడే లేదు" అనుకోవద్దు. సర్వేకి ఎవరు వచ్చినా డిసెంబరు నీడ ఎక్కడ పడుతుందో గీసి చూపమనండి. పొరుగింటివాళ్ళు పై అంతస్తు వేయబోతున్నారా, పక్కన కొబ్బరిచెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందీ కూడా చూసుకోవాలి.

నీడ చిన్నదే కదా అని వదిలేయకండి. ఒక స్ట్రింగులో ప్యానళ్ళన్నీ వరసగా కలిసి ఉంటాయి. ప్రతి ప్యానల్లో మూడు బైపాస్ డయోడ్లుంటాయి, ఒక మూల మీద నీడ పడినా ఆ భాగం మొత్తం పక్కకి తప్పుకుంటుంది. కేబుల్ టీవీ గొట్టం, బట్టలారేసే తీగ మీద మర్చిపోయిన దుప్పటి, ఎండిన పిట్టరెట్ట... ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. రెట్ట అలాగే ఉండిపోతే ఆ సెల్ వేడెక్కి మచ్చపడిపోతుంది.

ఎటు, ఎంత వాలు

దక్షిణం వైపు, 10 నుంచి 15 డిగ్రీల వాలు. మనం భూమధ్యరేఖకి దగ్గరలో ఉన్నాం కాబట్టి ఇది మరీ గీచి గీచి చూసే విషయం కాదు. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపే ఉంటాడు. అందుకే దక్షిణానికి నిట్టనిలువుగా వాల్చాల్సిన పని లేదు. దక్షిణం కుదరకపోతే తూర్పు, పడమరలకి చెరో వరస పెట్టినా పోయేది కొద్ది శాతమే. కానీ 10 డిగ్రీల కంటే తగ్గించవద్దు. వాననీరు జారక, కింది ఫ్రేము అంచున బురద గీత కడుతుంది. ఆ గీత కూడా నీడే.

ఎండ ఎక్కువైతే కరెంటు ఎందుకు తగ్గుతుంది

ప్యానల్ వెనక రాసే 550 వాట్లు సెల్ వేడి 25 డిగ్రీలున్నప్పటి మాట. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం సెల్ వేడి 70 డిగ్రీల దాకా పోతుంది. మోనో పెర్క్ రకం ప్యానల్ ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం కోల్పోతుంది. 45 డిగ్రీల తేడాకి దాదాపు 16 శాతం. టాప్‌కాన్ రకం డిగ్రీకి 0.30 దగ్గర ఉంటుంది, నష్టం 13.5 శాతం. ఈ అంకె డేటాషీట్‌లో "పీమ్యాక్స్ టెంపరేచర్ కోఎఫిషియంట్" అనే వరసలో ఉంటుంది, మైనస్ గుర్తుతో. ప్యానల్ ఎంచుకునేటప్పుడు చూడాల్సిన మొదటి అంకె ఇదే, వాట్లు కాదు. రేటు తేడా తక్కువైతే టాప్‌కాన్ తీసుకోండి. పాత రకమైన పాలీ ప్యానల్ ఇప్పుడు ఎవరైనా అంటగడితే వద్దనండి.

వేడి తగ్గించే ఇంకో మార్గం గాలి. రేకుల కప్పు మీద ప్యానల్‌ని అతికించినట్టు బిగిస్తే బాగా కాగిపోతుంది. రేకుకీ ప్యానల్‌కీ మధ్య కనీసం 4 అంగుళాలు వదలాలి. ఆస్బెస్టాస్ రేకుల మీదైతే అసలు బిగించవద్దు, అవి మనిషి బరువే మోయవు. గోడల మీద నుంచి విడిగా ఫ్రేము లేపాలి.

ఇదే కారణంతో 3.3 కిలోవాట్ల ప్యానళ్ళకి 3 కిలోవాట్ల ఇన్వర్టర్ పెట్టడంలో మోసం ఏమీ లేదు. వేడికి ఆ 3.3 ఎలాగూ 2.8కి దిగుతుంది.

స్ట్రక్చర్: డబ్బు ఇక్కడ పెట్టండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని ఊపేసిన సంగతి కోస్తావాళ్ళకి గుర్తు చేయక్కర్లేదు. భవనాల గాలి లెక్కకి వాడే ఐఎస్ 875 ప్రమాణంలో విశాఖ, విజయవాడ, నెల్లూరులకి ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, హైదరాబాద్‌కి 44. మోటు లెక్క చూడండి: సెకనుకి 50 మీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి పెడుతుంది. ఆరు ప్యానళ్ళు కలిపి పదిహేనున్నర చదరపు మీటర్లు. అంటే ఆ గాలి స్ట్రక్చర్‌ని 2.3 టన్నుల బలంతో పైకి లాగుతుంది. ఆరు కాళ్ళుంటే కాలికి 390 కిలోలు. అడుగున పోసే 40 × 40 × 30 సెంటీమీటర్ల కాంక్రీటు దిమ్మె బరువు 115 కిలోలే. దిమ్మెల బరువు మీద నిలబడుతుందిలే అనే మాట కోస్తాలో చెల్లదు. కాలిని శ్లాబుకి పట్టించాల్సిందే.

పట్టించడం ఎలా? శ్లాబులో రంధ్రం వేసి, జిగురు మందుతో పట్టే కెమికల్ యాంకర్ బోల్టు దించి, ఆపైన దిమ్మె పోయాలి. రంధ్రాలు శ్లాబు మధ్యలో కాకుండా కింద దూలం లేదా పిల్లర్ ఉన్నచోట రావాలి, అందుకు ఇంటి ప్లాను దగ్గర పెట్టుకోండి. దిమ్మె పోసే ముందు అక్కడి సున్నం, పాచి గీకి, గచ్చుని గరుకు చేసి, సిమెంటు పాలు పట్టించాలి. లేకపోతే దిమ్మెకీ గచ్చుకీ మధ్య వాన నీరు చేరి, రెండో వానాకాలానికి కింద గదిలో చెమ్మ కనిపిస్తుంది. డాబా ఇప్పటికే కారుతుంటే ముందు వాటర్‌ప్రూఫింగ్, తర్వాతే సోలార్. పైన ప్యానళ్ళు ఎక్కాక ఆ పని చేయించడం నరకం. పిట్టగోడకి మాత్రమే కాళ్ళు బిగించే పద్ధతికి ఒప్పుకోవద్దు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఆ లాగుడికి నిలవదు.

బట్టలారేసుకోవడానికీ, సాయంత్రం కూర్చోవడానికీ పనికొస్తుందని చాలామంది 7, 8 అడుగుల ఎత్తు స్ట్రక్చర్ అడుగుతారు. పెట్టించుకోవచ్చు, గాలి కూడా బాగా ఆడుతుంది. అయితే కాళ్ళ మధ్య అడ్డంగా క్రాస్ బ్రేసింగ్ ఉండాలి. అది లేని ఎత్తు స్ట్రక్చర్‌ని చేత్తో పట్టి ఊపితే ఊగుతుంది. ఊపి చూడండి.

ఇనుము హాట్ డిప్ గాల్వనైజ్ చేసినది కావాలి, జింకు పూత 80 మైక్రాన్లు. చూసి గుర్తుపట్టొచ్చు: హాట్ డిప్ పైపు బూడిదరంగులో మొద్దుగా, అక్కడక్కడా గడ్డకట్టినట్టు ఉంటుంది, పైపు లోపల కూడా పూత ఉంటుంది. నున్నగా తళతళ మెరుస్తూ, కోసిన అంచున నల్లటి ఇనుము కనబడితే అది పల్చటి పూత రకం. డాబా మీద వెల్డింగ్ పెట్టనివ్వకండి. వెల్డింగ్ వేడికి జింకు కాలిపోయి, సరిగ్గా అతుకు దగ్గరే తుప్పు మొదలవుతుంది. అన్నీ బోల్టులతోనే బిగించాలి, బోల్టులు ఎస్ఎస్ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి. తప్పనిసరై ఎక్కడైనా కోస్తే అక్కడ జింక్ పెయింటు రెండు పూతలు. సముద్రానికి దగ్గరి ఇళ్ళు ప్యానల్‌కి ఐఈసీ 61701 అనే ఉప్పుగాలి పరీక్ష సర్టిఫికెట్ అడగాలి.

ఇన్వర్టర్, కరెంటు కోతలు

బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకి కలిపే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, లైన్లో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. పాడై కాదు, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం అలా చేస్తారు. "సోలార్ ఉంది కదా, కరెంటు ఎందుకు పోయింది?" అనే ప్రశ్న ఇక్కడే వస్తుంది. రోజుకి అరగంట కోతే అయితే ఇంట్లో ఉన్న మామూలు ఇన్వర్టర్, ట్యూబులర్ బ్యాటరీ అలాగే ఉంచుకోండి, బ్యాటరీ కూడా కలిపే హైబ్రిడ్ ఇన్వర్టర్‌కి డబ్బు పోయొద్దు. గంటలకొద్దీ పోయే ఊళ్ళలో మాత్రం హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకోండి. 51.2 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలో 5 యూనిట్లు పడతాయి. తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగు, లైట్లు, టీవీ, ఫ్రిజ్ కలిపి సగటున 300 వాట్లు అనుకుంటే రాత్రంతా లాగుతుంది. ఏసీ వేస్తే కాదు.

ఒక తప్పు మాత్రం జరగనివ్వకండి. ఆన్‌గ్రిడ్ సోలార్ లైన్‌ని ఇంటి పాత ఇన్వర్టర్ అవుట్‌పుట్ వైపు కలపకూడదు. కోత సమయంలో పాత ఇన్వర్టర్ ఇచ్చే కరెంటునే గ్రిడ్ అనుకుని సోలార్ లేస్తుంది, వాడగా మిగిలినదంతా దానిలోకే తోసేసి కాల్చేస్తుంది. మీటరు తర్వాత మెయిన్ దగ్గరే కలవాలి.

ఇన్వర్టర్‌ని మెట్ల గది లోపల గోడకి, గాలి ఆడేచోట పెట్టించండి. పడమటి ఎండ తగిలే గోడకి పెడితే వేడెక్కి తనంతట తానే ఉత్పత్తి తగ్గించుకుంటుంది. మూడు ప్యానళ్ళ చిన్న సిస్టమ్ పెట్టేవాళ్ళు ఇన్వర్టర్‌లో ప్యానళ్ళ కరెంటుని లాగే భాగమైన ఎంపీపీటీకి కావాల్సిన కనీస వోల్టేజీ చూసుకోవాలి. ఒక్కో ప్యానల్ 41 వోల్టులిస్తే మూడింటికి 123, మే నెల వేడికి అది 107కి పడిపోతుంది. ఇన్వర్టర్‌కి కనీసం 120 కావాలంటే మధ్యాహ్నం పూట అది పని చేయదు.

వైర్లు, ఎర్తింగ్

ప్యానళ్ళ వైపు 4 స్క్వేర్ ఎంఎం టిన్నుపూత రాగి సోలార్ కేబుల్. పైపులోంచే రావాలి, కోతులున్న ఊళ్ళో ఇది మరీ ముఖ్యం, వేలాడే తీగ కనిపిస్తే ఊయల అనుకుంటాయి. ఎంసీ4 కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి కావాలి. వేరువేరు కంపెనీల ఆడ, మగ కనెక్టర్లు దూరినట్టే ఉంటాయి కానీ లోపల పట్టు వదులుగా ఉండి వేడెక్కి కరిగిపోతాయి. డీసీ బాక్సులో డీసీ ఎంసీబీయే ఉండాలి. మామూలు ఏసీ ఎంసీబీ పెడితే ఆఫ్ చేసినప్పుడు లేచిన నిప్పు ఆరదు, బాక్సే అంటుకుంటుంది. పిడుగు దెబ్బ తట్టుకోవడానికి డీసీ, ఏసీ రెండు వైపులా ఎస్‌పీడీలు అనే రక్షణ పరికరాలు ఉండాలి. కేబుల్ దూరే రంధ్రాలకి గ్లాండ్లు బిగించి మూయించండి. బల్లులు, చీమలు లోపలికి పోయి షార్ట్ చేసిన బాక్సులు లెక్కలేనన్ని.

ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా వేసే ఏసీ వైరులో అందరూ పొదుపు చేస్తారు. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. 30 మీటర్ల దూరానికి 2.5 స్క్వేర్ వైరు వేస్తే దాదాపు 6 వోల్టులు తేడా వస్తుంది, 6 స్క్వేర్ వేస్తే రెండున్నర లోపే. సోలార్ కరెంటు బయటికి తోస్తుంది కాబట్టి ఈ తేడా ఇన్వర్టర్ దగ్గర వోల్టేజీని పెంచుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి దగ్గరున్న ఇంట్లో లైన్ వోల్టేజీ అసలే 250 ఉంటే, ఈ 6 కలిసి ఇన్వర్టర్ "గ్రిడ్ ఓవర్ వోల్టేజ్" అని మధ్యాహ్నం పూట పదేపదే ఆగిపోతుంది. అందరూ ఇన్వర్టర్‌ని తిడతారు, తప్పు వైరుది.

ఎర్తు గుంతలు మూడు: స్ట్రక్చర్, డీసీ వైపుకి ఒకటి, ఏసీకి ఒకటి, పిడుగు రాడ్డుకి విడిగా ఒకటి. మీటరు పెట్టి కొలిపించండి, 5 ఓమ్‌ల లోపు రావాలి. రాయలసీమ, తెలంగాణ రాతి నేలల్లో ఒక్క రాడ్డుతో ఇది రాదు, ఇంకోటి దించి కలపాలి. పిడుగు రాడ్డు ఉత్తరం వైపు నిలబెట్టమనండి, దక్షిణాన ఉంటే దాని నీడ ప్యానల్ మీదే.

కొటేషన్, దరఖాస్తు

కాగితం మీద ఇవి రాసి ఉండాలి: ప్యానల్ కంపెనీ, మోడల్, డీసీఆర్ అని, ఇన్వర్టర్ మోడల్, వారంటీ ఏళ్ళు, పైపుల సైజు, మందం, పూత, కేబుళ్ళ సైజు, కంపెనీ, ఎర్తులు ఎన్ని, నెట్ మీటర్ (ఇంట్లోకి వచ్చే కరెంటునీ బయటికి పోయేదాన్నీ విడివిడిగా లెక్కేసే మీటరు) ఖర్చు ఎవరిది, ఐదేళ్ళ మెయింటెనెన్స్. ఆ ఐదేళ్ళ సర్వీసు పథకం నిబంధనల్లోనే ఉంది, దానికి విడిగా డబ్బు అడిగితే ఇవ్వవద్దు. మొత్తం ముందే కట్టకండి. కనీసం పదో వంతు నెట్ మీటర్ బిగించేదాకా ఆపండి.

సూర్యఘర్ పోర్టల్‌లో మీ కరెంటు సర్వీసు నంబర్‌తో దరఖాస్తు చేసి, నమోదైన వెండర్‌ని ఎంచుకోవాలి. విద్యుత్ వినియోగదారుల హక్కుల 2024 సవరణ నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదం వచ్చినట్టే లెక్క, ఇంటికి మంజూరైన లోడు కూడా కరెంటు కంపెనీయే తగినట్టు పెంచాలి. ఎక్కువ దరఖాస్తులు ఆగేది పేరు దగ్గర. మీటరు తాతగారి పేరునో, ఇల్లు అమ్మినవారి పేరునో ఉంటుంది, బ్యాంకు ఖాతా మీది. సోలార్ సంగతి మొదలెట్టకముందే సర్వీసు పేరు మార్పించుకోండి.

బిగించడం అయిపోయింది కదా అని నెట్ మీటర్ రాకముందే ఆన్ చేయవద్దు. పాత ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు బయటికి పోయే కరెంటుని కూడా వాడినట్టే లెక్కేస్తాయి. ఆ నెల బిల్లు రెట్టింపు వస్తుంది.

పెట్టాక

వానలు లేని నెలల్లో పది పదిహేను రోజులకోసారి కడగండి, తెల్లవారుజామునే. కాగిన అద్దం మీద చన్నీళ్ళు పోస్తే పగలొచ్చు. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో ఆ నీటితో కడిగి వదిలేస్తే తెల్లటి పొర కడుతుంది, మెత్తటి వైపరుతో తుడిచేయాలి. కుదిరితే కుళాయి నీళ్ళు వాడండి. సబ్బు పొడి, గరుకు బ్రష్ వద్దు.

మొదటి నెలలో రోజూ ఇన్వర్టర్ యాప్‌లో యూనిట్లు రాసుకోండి. 3 కిలోవాట్లకి మబ్బులేని రోజున 10 లోపు వస్తుంటే ఏదో తేడా ఉంది: నీడ, దుమ్ము, వదులైన కనెక్టర్, లేదా వోల్టేజీకి ఆగిపోవడం. యాప్‌లో 12 యూనిట్లు కనబడి నెట్ మీటర్ ఎక్స్‌పోర్టులో 7 మాత్రమే పెరిగితే కంగారు పడొద్దు. మిగతా 5 పగలు మీ ఇంట్లోనే ఫ్యాన్లకీ మోటారుకీ వాడుకున్నారు, అవి మీటరు దాకా పోలేదు.